బీరువాలో డిక్షనరీ, బోర్డు మీద పది వర్డ్స్

 

ఈసారి గోడ పత్రికలో నా వంతు వచ్చింది. బొమ్మలు వేసే తమ్ముడు "అన్నా, దయ్యం కథ ఏదన్నా రాయి, అందరూ చదువుతారు" అన్నాడు. దయ్యం కథ కాదు గానీ, మనలో చాలామందికి దయ్యం కన్నా ఎక్కువ భయం పుట్టించే సంగతే రాస్తున్నా. అదే ఇంగ్లీషు. రెండు చార్టులు నిండిపోయి మూడోది అడిగి తెచ్చుకున్నా. నిలబడి చదవాలి కాబట్టి కాళ్లు నొప్పి పుడితే సగం ఇవాళ, సగం రేపు చదవండి. కానీ చివరిదాకా చదవండి.

పొద్దున స్టడీ అవర్‌లో మన బోర్డు మీద పది ఇంగ్లీషు పదాలు పడతాయి. పక్కన అర్థాలు. మనం వాటిని రఫ్ నోట్‌బుక్కులో ఎక్కిస్తాం. రాత్రి స్టడీ అవర్‌లో డ్యూటీ సార్ అడుగుతారు. చెప్పినవాడు కూర్చుంటాడు, చెప్పనివాడు నిలబడతాడు. ఆరో తరగతి నుంచి నేను ఈ పద్ధతిలోనే ఉన్నా, ఇప్పుడు పదిలోకి వచ్చా. ఏడాదికి 200 రోజులు వేసుకున్నా 2,000 పదాలు. నాలుగేళ్లకి 8,000. అన్ని వేల పదాలు నిజంగా వచ్చి ఉంటే మనం ఈపాటికి ఇంగ్లీషు పేపరు గడగడా చదివేవాళ్లం. చదువుతున్నామా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

మొన్న ఆదివారం నేను, నా పక్క మంచం దోస్తు కలిసి ఎనిమిదో తరగతి నోట్‌బుక్కులు ట్రంకు పెట్టెల్లోంచి తీశాం. ఒకరినొకరు అడుక్కున్నాం. మ్యాగ్నానిమస్, యుబిక్విటస్, పర్‌స్పికేషస్, అమీలియొరేట్... రాసింది మా చేతిరాతే. కానీ ఎవరి నోట్‌బుక్కో చదువుతున్నట్టు ఉంది. అర్థం గుర్తున్నవి చేతి వేళ్లకు మించలేదు. సొంత వాక్యంలో పెట్టగలిగింది ఒక్కటే, 'హంగ్రీ'. నిజానికి అది బోర్డు మీద రాసిన పదం కూడా కాదు. మెస్ గంట కోసం చూస్తూ మార్జిన్‌లో రాసుకున్నది!

నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. నాలుగేళ్లు రాశాం, నాలుగేళ్లు నిలబడ్డాం. మరి ఆ పదాలు ఎటు పోయాయి?

ముందే ఒక మాట. ఇంగ్లీషు వద్దు అని నేను అనడం లేదు. అట్లా అనేవాళ్ల పిల్లలు చాలావరకు ఇంగ్లీషులోనే చదువుతుంటారు. మన రాష్ట్రంలో 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఇంటరుకి పోతే, డిగ్రీకి పోతే ఎదురు పేజీ ఉండదు. అప్పుడు ఇంగ్లీషు రాని మనమే వెనక బెంచీకి పోతాం. కాబట్టి ఇంగ్లీషు కావాలి, పెద్ద పదాలూ కావాలి. నా గొడవ అంతా నేర్పే తీరు మీద, నేర్చుకునే తీరు మీద.

నాకు ఈ ఆలోచన హబ్సిగూడలో వచ్చింది.

పోయిన సెప్టెంబరులో సైన్సు సార్ మమ్మల్ని హైదరాబాద్ తీసుకుపోయిన సంగతి మీకు తెలుసు. సి.ఎస్.ఐ.ఆర్. అనే పెద్ద సైన్సు సంస్థ 1942 సెప్టెంబర్ 26న పుట్టింది. ఆ పుట్టినరోజు దగ్గర్లో దాని ల్యాబులు బడి పిల్లలకి తలుపులు తీస్తాయి. హబ్సిగూడ, తార్నాక మధ్య రోడ్డు మీద అట్లాంటి ల్యాబులు వరసగా ఉన్నాయి. నెత్తి మీద మెట్రో పోతుంటే మేం నోళ్లు తెరిచి బోర్డులు చదివాం. నేషనల్ జియోఫిజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. తార్నాక వైపు ఇంకో సంస్థ ఉంది, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్. నా వెనకాల తమ్ముడు "అన్నా, ఇన్ని పదాలు గోడల మీదే ఉన్నయి, మన టెన్ వర్డ్స్‌ల ఒక్కటి రాలే గదా" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టు అయింది.

ఒక ల్యాబులో ఉల్లిపొర తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. వరసలో నా వంతు వచ్చింది. కన్ను పెట్టి చూశా. అక్కడున్న మేడం ఇంగ్లీషులో అడిగారు, ఏం కనబడుతోందని. ప్రశ్న అర్థమైంది. జవాబు కూడా కళ్ల ముందే ఉంది. కానీ నోరు ఎండిపోయింది. 'యుబిక్విటస్' తెలిసినవాడికి 'ఐ సీ' అనడం రాలేదు! వెనక సిటీ బడి పిల్లలు గుసగుసలాడుతున్నారు. చెవులు కాలిపోయాయి.

మేడం నవ్వలేదు. తెలుగులో అడిగారు. "నీకేం కనబడుతుందో నీ మాటల్లోనే చెప్పు నాన్నా."

"ఇటుకలు పేర్చినట్టు, గదులు గదులుగా ఉంది మేడం."

"సరిగ్గా చెప్పావు. సెల్ అంటే గదే" అన్నారు.

1665లో రాబర్ట్ హుక్ అనే ఆయన బెండును సన్నగా కోసి మైక్రోస్కోపు కింద చూశాడట. చిన్న చిన్న గదుల్లా కనబడ్డాయి. లాటిన్ భాషలో చిన్న గదికి ఉన్న మాటనుంచి వచ్చిన 'సెల్' అనే పేరు పెట్టాడు. మూడున్నర వందల ఏళ్ల కింద ఆయనకి తోచిన పోలికే నాకూ తోచింది! ఆ మాట విన్నాక నా వీపు నిటారుగా అయింది. జైల్లో గదిని సెల్ అని ఎందుకు అంటారో, సెల్ ఫోనుకి ఆ పేరు ఎట్లా వచ్చిందో కూడా ఆ దారిలోనే తెలిసింది. ఒక ఊరిని చిన్న చిన్న గదుల్లాగా పంచి, ఒక్కో గదికి ఒక టవరు పెడతారు కాబట్టి అది సెల్యులార్ ఫోను. ఆ పదం ఇక నేను మర్చిపోలేను. ఎందుకంటే అది బోర్డు మీదినుంచి రాలేదు, నా కంట్లోంచి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో సార్‌తో కూర్చుని మిగతా బోర్డులు విప్పుకున్నాం. జొన్న కంకి ఒలిచినట్టు ఒలిస్తే లోపల గింజలు కనబడ్డాయి.

'జియో' అంటే గ్రీకు భాషలో భూమి. భూమి గురించి రాసేది జియోగ్రఫీ. భూమిలోపలి రాళ్లు, పొరలు చదివేది జియాలజీ. భూమిని కొలవడం నుంచి పుట్టింది జియోమెట్రీ. భూమికి ఫిజిక్సు కలిపితే జియోఫిజిక్స్. ఒక్క గింజ పట్టుకుంటే నాలుగు పదాలు.

'మాల్' అంటే చెడు. న్యూట్రిషన్ పోషణ అయితే మాల్‌న్యూట్రిషన్ పోషణ సరిగ్గా లేకపోవడం. పరీక్ష హాల్లో స్క్వాడ్ పట్టుకుంటే రాసే మాల్‌ప్రాక్టీస్ మనకి చెప్పక్కర్లేదు. ఇంకా విను తమ్ముడూ, మన గూడేల్లో ప్రతి ఇంటికీ తెలిసిన మలేరియా కూడా అదే. ఇటలీ భాషలో 'చెడు గాలి' అని అర్థం. పాతకాలంలో చిత్తడి నేలల చెడు గాలి వల్ల ఆ జ్వరం వస్తుందని అనుకున్నారు. అది తప్పని తేలడంలో మన హైదరాబాద్‌కే పెద్ద వాటా ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. గాలి తప్పు కాదని తేలింది గానీ పేరు అట్లాగే మిగిలింది.

'మాను' అంటే చెయ్యి, 'స్క్రిప్ట్' అంటే రాసింది. మాన్యుస్క్రిప్ట్ అంటే చేత్తో రాసింది. మీరు ఇప్పుడు నిలబడి చదువుతున్నది అదే!

ఇంకో ముచ్చట. ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అనే పదం ఉంది. అది ఎక్కడిదో చెప్పుకోండి చూద్దాం. మన తెలుగు పందికొక్కే! రాత్రిపూట మన స్టోర్ రూములో బియ్యం బస్తాలు కొరికేది ఇంగ్లీషు డిక్షనరీ ఎక్కి కూర్చుంది. అక్కడితో ఆగలేదు, ఆస్ట్రేలియాలో వేరే జంతువుకి కూడా ఆ పేరే పెట్టారు. 'జంగిల్' హిందీ నుంచి పోయింది. కాబట్టి ఇంగ్లీషు ఆకాశంలోంచి ఊడిపడలేదు. అది కూడా నలుగురి దగ్గర అప్పు తెచ్చుకుని పెరిగిన భాషే. దాని ముందు మనం చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

హబ్సిగూడ పేరు కూడా ఒలిచి చూశాం. హబ్షీలు అంటే ఆఫ్రికాలోని అబిసీనియా వైపు నుంచి వచ్చినవాళ్లు. గూడ అంటే మన గూడెమే. తార్నాకలో 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చోటు. రోజూ వేలమంది ఆ పేర్లు పలుకుతూ బస్సులు ఎక్కి దిగుతున్నారు. విప్పి చూసుకునే తీరిక ఎందరికి ఉందో!

ఆ రోజు సాయంత్రం ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ మీదుగా పోయాం. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. సార్ అక్కడ చెప్పిన చరిత్ర మన చర్చకి పనికొస్తుంది.

ఆ యూనివర్సిటీ 1918లో పెట్టినప్పుడు చదువు ఉర్దూలో. సైన్సు, లెక్కలు అన్నీ ఉర్దూలోనే. దానికోసం అంతకుముందే 1917లో ఒక అనువాద శాఖ పెట్టి, ఇంగ్లీషు పుస్తకాలు ఉర్దూలోకి మార్చారు. లేని పదాలు కొత్తగా పుట్టించారు. మన దేశంలో ఒక పెద్ద యూనివర్సిటీ దేశభాషలో నడవగలదని అది చూపించింది. కానీ ఇంట్లో తెలుగో, మరాఠీయో, గోండీయో మాట్లాడే పిల్లలకి ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన భాషే కదా. 1948 తర్వాత అదే యూనివర్సిటీ ఇంగ్లీషులోకి మారింది. అంటే అదే మెట్ల మీద కూర్చున్న పిల్లలు ఒక తరంలో ఉర్దూ పదాలతో, ఇంకో తరంలో ఇంగ్లీషు పదాలతో తంటాలు పడ్డారు. మనమే మొదటివాళ్లం కాదు. మనమే చివరివాళ్లమూ కాదు.

ఆ పక్కనే ఇంకో యూనివర్సిటీ ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని మొదలైంది. ఇంగ్లీషు చెప్పే టీచర్లకి శిక్షణ ఇవ్వడం దాని ముఖ్యమైన పని. 1972లో విదేశీ భాషలు కూడా చేర్చారు. 2007లో ఇఫ్లూ అనే సెంట్రల్ యూనివర్సిటీ అయింది. మొదట్లో దానికి డైరెక్టరుగా పనిచేసిన వి.కె. గోకాక్ గారు ఎవరో తెలుసా? కన్నడ కవి. తర్వాత జ్ఞానపీఠ అవార్డు కూడా అందుకున్నారు. దేశానికంతా ఇంగ్లీషు టీచర్లను తయారుచేసే చోట పెద్ద కుర్చీలో కూర్చున్నాయన తన సొంత భాష వదల్లేదు. మన హాస్టల్లో మాత్రం మెస్‌లో గోండీలో "ఏర్" అడిగితే రూపాయి ఫైను. లంబాడీ తమ్ముడు "పాణి" అన్నా రూపాయి ఫైను. దాహం ఏ భాషలో వేస్తే ఆ భాషలోనే నోట్లోంచి వస్తుంది గదా సార్! ఫైను భయానికి చిన్న పిల్లలు సైగలు చేసుకుంటున్నారు. దానివల్ల ఇంగ్లీషు రాలేదు, ఉన్న మాట పోయింది.

ఇక్కడ కొందరు అన్నలు ఎదురు చెబుతారు. "పెద్ద పెద్ద పదాలు బట్టీ పట్టకపోతే పోటీ పరీక్షల్లో ఎట్లరా?" అని. దీనికి కూడా జవాబు ఉంది. అమెరికా చదువుకి రాసే జి.ఆర్.ఇ. పరీక్ష కోసం హైదరాబాద్‌లో అన్నలు, అక్కలు బ్యారన్స్ పుస్తకంలో 3,500 పదాల లిస్టు రాత్రింబగళ్లు వల్లె వేసేవాళ్లు. వ్యతిరేక పదాలు, పోలికలు విడిగా అడిగేవాళ్లు కాబట్టి అది పనికొచ్చేది. 2011 ఆగస్టులో ఆ పరీక్షనే మార్చేశారు. విడి పదాల ప్రశ్నలు తీసేసి, వాక్యంలో, పేరాలో పదం ఎట్లా కూర్చుంటుందో అడగడం మొదలుపెట్టారు. వల్లె వేసినవాడిని కాదు, వాడగలిగినవాడిని వెతుకుతున్నారన్న మాట.

మరి ఏ పదాలు ముందు నేర్చుకోవాలి? దీనిమీద జీవితాలు ధారపోసినవాళ్లు ఉన్నారు. మైకేల్ వెస్ట్ అనే ఆయన మన ఉపఖండంలోనే, ఢాకాలో, బెంగాలీ పిల్లలకి ఇంగ్లీషు చదవడం నేర్పించాడు. అన్నిటికన్నా ఎక్కువగా వాడే 2,000 పదాలు ఏవో తేల్చి 1953లో ఒక లిస్టు అచ్చువేయించాడు. మామూలు ఇంగ్లీషు పుస్తకం తీస్తే నూటికి ఎనభై దాకా ఆ పదాలే ఉంటాయి. తర్వాత 2000లో ఏవ్రిల్ కాక్స్‌హెడ్ అనే ఆమె చదువుల పుస్తకాల్లో మళ్లీ మళ్లీ వచ్చే 570 పద కుటుంబాలు ఏరింది. అనలైజ్, డిఫైన్, ఎవిడెన్స్, ఇంటర్‌ప్రెట్, ఇల్లస్ట్రేట్, జస్టిఫై. ఇవీ అందులో ఉన్న పదాలు.

ఈ పేర్లు చూసి ఏమన్నా గుర్తొచ్చిందా? మన లెక్కల పేపర్లో "జస్టిఫై యువర్ ఆన్సర్" అని ఉంటుంది. జవాబు వేసి ఊరుకుంటాం. ఎందుకు అట్లా వచ్చిందో కారణం చూపించమని అడిగారని మనలో ఎంతమందికి తెలుసు? లెక్క వచ్చి కూడా మార్కులు పోతున్నాయి. లెక్క రాక కాదు, ఆ ఒక్క పదం రాక. 'పర్‌స్పికేషస్' నేర్పిన బోర్డు 'జస్టిఫై' ఎందుకు నేర్పలేదు?

ఒక చిన్న లెక్క చూపిస్తా. రోజుకి పది కాకుండా వారానికి పది పదాలు తీసుకుందాం. ఏడాదిలో 40 వారాలు అనుకుంటే 400. ఆరు నుంచి పది దాకా అయిదేళ్లు, 2,000 పదాలు. సరిగ్గా వెస్ట్ లిస్టంత! అవి నిజంగా మనవి అయితే చాలు, మీద పెద్ద పదాలు వాటంతట అవే వచ్చి వాలతాయి. మా నాన్న చేనులో ఒకే రోజు గంపలకొద్దీ విత్తనం చల్లడు. వాన చూసుకుని, సాలు చూసుకుని వేస్తాడు. రాతి మీద చల్లితే పిట్టల పాలే. మన బోర్డు పదాలు అట్లాగే పిట్టల పాలవుతున్నాయి.

మర్చిపోవడం మన తప్పు కాదు అని కూడా చెప్పాలి. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాలు తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే పరీక్ష చేసుకుని 1885లో పుస్తకం రాశాడు. అర్థం లేకుండా నేర్చుకున్నది మొదటి గంటల్లోనే చాలావరకు జారిపోతుందని, రోజులు ఎడం ఇచ్చి మళ్లీ చదివితే నిలుస్తుందని తేలింది. మనం చేసేది ఏమిటి? పొద్దున ఎక్కించి, రాత్రి అప్పజెప్పి, మర్నాడు కొత్త పది! పాత పదిని మళ్లీ ఎవరూ పలకరించరు.

ఇప్పుడు నేను రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించిన సంగతి.

పోయిన వానాకాలం ఏడో తరగతి తమ్ముడొకడు పొద్దున లీవ్ లెటర్ రాసి ఇచ్చాడు. మన హాస్టల్లో లీవ్ లెటర్ ఇంగ్లీషులోనే రాయాలని రూలు. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని రాశాడు. నుదురు ముట్టి చూస్తే వేడి లేదు. "నాటకాలా?" అని క్లాసుకి పంపించారు. వాడు ఏం మాట్లాడలేదు. రాత్రి మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఏడుస్తుంటే నేను అడిగా. కడుపు నొప్పి. పొద్దుననుంచీ. "మరి ఫీవర్ అని ఎందుకు రాశినవ్‌రా?" అంటే వాడన్న మాట ఇదీ: "నాకు గా లెటర్ ఒక్కటే వచ్చు అన్నా."

ఆ రాత్రే వార్డెన్ సార్ ఆటో పిలిపించి దవాఖానకి తీసుకుపోయారు. వాడు బాగైండు. సార్ రాత్రంతా నిద్ర లేకుండా వాడి పక్కన కూర్చున్నారు, ఆ మాట కూడా ఇక్కడ రాయాలి. కాబట్టి ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. కానీ ఆలోచించండి. ఏడో తరగతి అంటే అప్పటికే బోర్డు మీద రెండు వేల పదాలు దాటిన పిల్లవాడు. వాడికి 'స్టమక్', 'పెయిన్' అని రాసుకునే ధైర్యం రాలేదు. తెలుగులో చెప్పొచ్చు అనే ధైర్యమూ లేదు. ఇంగ్లీషు రాలేదు, తెలుగు నోరు మూసుకుపోయింది. రెండు గుమ్మాల మధ్య వాడు నొప్పితో నిలబడ్డాడు. పదాలు ఎందుకు నేర్చుకుంటాం మిత్రులారా? మన నొప్పి ఎదుటివాడికి చెప్పుకోవడానికి కాదా?

ఉస్మానియాలో భద్రిరాజు కృష్ణమూర్తి గారని గొప్ప భాషా పండితుడు ఉండేవారు. 2012లో చనిపోయారు. తెలుగు, గోండీ, కొండ భాషలు ఒక కొమ్మకి పూసినవే అని చూపించినవారిలో ఆయన ముఖ్యులు. అంటే గోండీ మాట్లాడే నేను, తెలుగు మాట్లాడే మా సార్ భాషల లెక్కలో చుట్టాలమే! ఆయన ఇంకో పని కూడా చేశారు. రైతులు నాగలికి, కాడికి, నేలకి, పంటకి వాడే మాటలన్నీ జిల్లా జిల్లా తిరిగి సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. 1971లో చేనేత పదాలతో రెండో సంపుటం వచ్చింది. ఇంగ్లీషులో పెద్ద పుస్తకాలు రాసిన మనిషికి రైతు నోటి మాట చిన్నదిగా కనబడలేదు. ఇంట్లో గోండీ, సంతలో మరాఠీ, బడిలో తెలుగు, టీవీలో హిందీ. మనలో చాలామంది మూడు నాలుగు భాషలు ఎవరూ నిలబెట్టకుండానే నేర్చుకున్నాం. అట్లాంటి మనకి ఇంగ్లీషు ఎందుకు రాదు? వాడితే వస్తుంది. భయపెడితే రాదు.

ఊరికే తప్పులు పట్టి పోవడం సులువు. అందుకే నా మనవులు వరసగా రాస్తున్నా.

1. రోజుకి పది బదులు వారానికి పది పదాలు. అవి ఆ వారం మన పాఠాల్లో, ప్రశ్న పత్రాల్లో వచ్చినవే కావాలి. ప్రతి పదానికీ మన వాక్యం ఒకటి రాయాలి, గైడులో వాక్యం కాదు.

2. ప్రతి పదం పక్కన తెలుగు, గోండీ, లంబాడీ, కోయ మాటలు కూడా రాద్దాం. తెలియని మాట సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అవ్వని అడిగి తెద్దాం. ఈ గోడ పత్రికలోనే ఒక మూల దానికి ఇవ్వండి.

3. కొత్త పది రాసేముందు పాత పది అడగాలి. మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకి ఒకసారి. చెప్పనివాడిని నిలబెట్టకుండా, చెప్పగలిగినవాడి పక్కన కూర్చోబెట్టండి.

4. మెస్‌లో, మంచాల దగ్గర ఏ భాషకీ ఫైను వద్దు. దాని బదులు సాయంత్రం ఆటల ముందు అరగంట ఇంగ్లీషులో మాట్లాడుకుందాం. తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వకూడదు. నవ్వినవాడికి ఫైను వెయ్యండి, నేనే వసూలు చేస్తా!

5. ఒంట్లో బాగలేనప్పుడు ఏ భాషలో చెప్పినా, నోటితో చెప్పినా వినాలి. లీవ్ లెటర్ తర్వాత నేర్చుకోవచ్చు.

6. ఆఫీసు బీరువాలో శంకరనారాయణ డిక్షనరీ ఒకటి, ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ ఒకటి ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్ రోజున బయటికి వస్తాయి, మళ్లీ లోపలికి పోతాయి. పిల్లలు చింపుతారని భయం. చినగనివ్వండి సార్! చినిగిన డిక్షనరీ చదివిన డిక్షనరీ. అట్ట నేను వేస్తా, కుట్టు మా దోస్తు వేస్తాడు. స్టడీ హాల్లో బల్ల మీద తాడు కట్టి పెట్టండి. ఎవరూ ఎత్తుకుపోరు.

ఇంతే నేను అడిగేది. డబ్బు ఖర్చు లేదు. కావల్సింది ఒక తాళం చెవి, కొంచెం నమ్మకం.

నేను పదో తరగతి. మార్చి తర్వాత ఈ గోడ ముందు ఉండను. ఈ మార్పు వచ్చినా దాని లాభం నాకు దక్కేది కొన్ని నెలలే. కానీ ఆ ఏడో తరగతి తమ్ముడు ఇంకా మూడేళ్లు ఇక్కడే ఉంటాడు. వాడు రేపు హబ్సిగూడలో మైక్రోస్కోపులో కన్ను పెడితే, అడిగినవాళ్లకి తను చూసింది చెప్పగలగాలి. ముందు తన భాషలో, ఆ వెంటనే వాళ్ల భాషలో.

కింద ఖాళీ జాగా వదిలిపెట్టా. నా మాట తప్పు అనుకున్నవాళ్లు పెన్సిలుతో రాయండి. ఏ భాషలో రాసినా సరే. కానీ 'జస్టిఫై' చెయ్యండి!

ఇట్లు,
మీ పదో తరగతి అన్న